ఒక్క ప్రశ్నకు అరవై జవాబులు

ఇబ్రహీంపట్నం నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న చూడ్డానికి చిన్నదే. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్‌నెట్ తీగ ఊళ్లోకి వచ్చింది, సబ్‌స్టేషన్‌లో దాని పెట్టె పెట్టారు. ఆ పెట్టె సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎక్కడో విశాఖపట్నంలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది, ఇన్ని ఊళ్ల పెట్టెల్ని ఒక్కచోట నుంచి ఎలా చూస్తారు అని ఆయన సందేహం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ సుమారు 24,000 కిలోమీటర్ల తీగను భూమిలో పాతకుండా స్తంభాల మీదే లాగి, 2,445 సబ్‌స్టేషన్లను కూడళ్లుగా చేసుకుని అల్లిన వల. దాని నిర్వహణ కేంద్రం విశాఖలో ఉంది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్న మాట అందరికీ గుర్తుంది. ఆ వల వెనక జరిగే పర్యవేక్షణ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన కథ అక్కడే ఉంది.

ప్రాథమిక విషయాలు త్వరగా చెప్పుకుందాం. సబ్‌స్టేషన్‌లో ఉండేది స్విచ్ లేదా రూటర్. దాని లోపల ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం నడుస్తుంటుంది. ప్రతి పోర్టు గుండా ఎన్ని బైట్లు లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి వెళ్లాయి, ఎన్ని ప్యాకెట్లు చెడిపోయాయి, పోర్టు బతికే ఉందా అన్న లెక్కలన్నీ అది రాసి పెట్టుకుంటుంది. కేంద్రంలోని సర్వర్ కొన్ని నిమిషాలకోసారి అడుగుతుంది, ఏజెంటు చెబుతుంది. ఈ అడగడం, చెప్పడం ఏ పద్ధతిలో జరగాలో నిర్ణయించే నియమావళి పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. ఏ కంపెనీ రూటరైనా దాదాపుగా ఈ భాష మాట్లాడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. దూరం నుంచి సమాచారం తెచ్చుకోవడం ఆలస్యమైతే తీగ సామర్థ్యం చాలలేదనుకుంటారు. గిగాబిట్ తీగ చాలకపోతే పది గిగాబిట్ల తీగ వేస్తే సరిపోతుందంటారు. లెక్క వేసి చూడండి. ఒక స్విచ్‌లో 48 పోర్టులు ఉన్నాయనుకుందాం. ఎస్‌ఎన్‌ఎంపీ ప్రామాణిక పోర్టుల పట్టికలో ఒక్కో పోర్టుకు 22 గడులుంటాయి. మొత్తం 1,056 అంకెలు. ఒక్కో అంకెను ఒక్కో ప్రశ్నతో తెచ్చుకుంటే, ప్రశ్నలూ జవాబులూ కలిపి తీగ మీద నడిచే సరుకు రెండు లక్షల బైట్లకు మించదు. గిగాబిట్ తీగకు అది రెండు మిల్లీసెకన్ల పని కూడా కాదు. కానీ ఇబ్రహీంపట్నం నుంచి విశాఖ 350 కిలోమీటర్లకు పైమాటే. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రానూపోనూ మూడున్నర మిల్లీసెకన్లు దానికే. తీగ తిన్నగా పోదు, మధ్యలో రూటర్లుంటాయి, ఏజెంటు అంకెను వెతకడానికి కొంత సమయం తీసుకుంటుంది. అన్నీ కలిపి ఒక్కో ప్రశ్నకు పది మిల్లీసెకన్లు వేసుకుందాం. వెయ్యి పైచిలుకు ప్రశ్నలకు పదిన్నర సెకన్లు! అందులో తీగ నిజంగా పనిచేసింది రెండు మిల్లీసెకన్ల లోపు, మిగతాదంతా ఎదురుచూపు. తీగను పదింతలు చేస్తే తగ్గేది ఆ రెండు మిల్లీసెకన్లే. కాంతి వేగాన్ని ఎవరూ పెంచలేరు. సబ్‌స్టేషన్‌కు ఒక్క స్విచ్ చొప్పున లెక్కేసినా, 2,445 స్విచ్‌లను ఇలా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతే ఒక్క చుట్టు తిరిగి రావడానికి ఏడు గంటలు దాటుతుంది. దూర పర్యవేక్షణలో ఖర్చు తెచ్చే సరుకుది కాదు, వెళ్లొచ్చే ప్రయాణాలది అని నేననేది అందుకే.

ప్రయాణాలు తగ్గించడమెలాగో అర్థం కావాలంటే ముందు గెట్‌నెక్స్ట్ అనే ప్రశ్నను చూడాలి. ఎస్‌ఎన్‌ఎంపీలో ప్రతి అంకెకూ చుక్కలతో విడదీసిన సంఖ్యల వరుస పేరుగా ఉంటుంది. మొదటి పోర్టులోకి వచ్చిన బైట్ల పేరు 1.3.6.1.2.1.2.2.1.10.1, రెండో పోర్టుదైతే చివర 2. ఈ పేర్లన్నీ నిఘంటువులో మాటల్లా ఒకే వరుసలో ఉంటాయి. గెట్‌నెక్స్ట్ అడిగేది ఒక్కటే: ఈ పేరు తర్వాత నీ దగ్గర ఏముంది? ఏజెంటు తర్వాతి పేరునూ దాని విలువనూ ఇస్తుంది. ఆ వచ్చిన పేరే సర్వర్‌కు మళ్లీ ప్రశ్న అవుతుంది. స్విచ్‌లో ఎన్ని పోర్టులున్నాయో, వాటి సంఖ్యలు వరుసగా ఉన్నాయో మధ్యలో ఖాళీలున్నాయో సర్వర్‌కు ముందే తెలియాల్సిన పనే లేదు. అడగాల్సిన పట్టిక దాటి వేరే పేరు రాగానే ఆగిపోతే చాలు. ఎప్పుడూ చూడని యంత్రాన్ని సైతం మొదటి నుంచి చివరి దాకా చదివేయవచ్చు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే ఆలోచన నెట్‌వర్క్ నియమావళుల్లో నాకు ఇంకొకటి కనిపించదు. దీన్ని కూడా చెడగొట్టినవాళ్లున్నారు. పేర్లను సంఖ్యలుగా కాక అక్షరాలుగా పోల్చి, 2 కంటే 10ని ముందు పెట్టే ప్రోగ్రాములు వచ్చాయి. అలాంటి ఏజెంటు ముందుకు పోవాల్సిన చోట వెనక్కి పోతుంది, సర్వర్ ఒకే చోట గిరగిరా తిరుగుతుంది. అందుకే ఇప్పటి పరికరాలు వచ్చిన పేరు ముందటి పేరు కంటే పెద్దదా కాదా అని ప్రతిసారీ సరిచూసుకుంటాయి.

ఈ అందానికి ఒక లోపం ఉంది. అడిగినదానికి తర్వాతది ఒక్కటే వస్తుంది. ఒకే ప్రశ్నలో 22 గడుల పేర్లూ పెట్టి, పోర్టు తర్వాత పోర్టుగా అడిగితే 49 ప్రయాణాలతో పట్టిక పూర్తవుతుంది, నిజమే. కానీ ఇంకా తగ్గించడానికి దారి లేదు. ఇక్కడే ఎవరు పొరబడ్డారన్న చర్చ వస్తుంది. 1988లో ఇంటర్నెట్ పెద్దల సమావేశం తర్వాత వింట్ సర్ఫ్ రాసిన పత్రం ప్రకారం ఎస్‌ఎన్‌ఎంపీ తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. శాశ్వతంగా రావాల్సింది అంతర్జాతీయ ప్రమాణాల వాళ్లు తయారుచేస్తున్న సీఎంఐపీ. రెండింటినీ కట్టి నడపడం కుదరదని ఏడాదిన్నరలోపే తేలింది. 1990 మేలో కేస్, ఫెడోర్, షాఫ్‌స్టాల్, డేవిన్ నలుగురి పేర్లతో స్థిరపడిన ఎస్‌ఎన్‌ఎంపీయే నిలిచింది. సీఎంఐపీ బరువుకు అప్పటి చిన్న యంత్రాలు తట్టుకోలేవు కాబట్టి గెలిచినవాళ్లు గెలవడం న్యాయమే. అయితే ఒక్క విషయంలో ఓడినవాళ్లదే సరైన ఆలోచన. ఒక్క ఆజ్ఞతో ఒక కొమ్మ కింద ఉన్నదంతా, కావాల్సిన షరతుతో జల్లెడ పట్టి మరీ తెచ్చుకునే ఏర్పాటు సీఎంఐపీలో మొదటి నుంచీ ఉంది. ఎస్‌ఎన్‌ఎంపీ వాళ్లు దాన్ని మొదట పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సి వచ్చింది మాత్రం త్వరగానే. 1990 అక్టోబరులో రోజ్, మెక్‌క్లోగ్రీ, డేవిన్ కలిసి నియమావళిని మార్చకుండానే ఒక ఉపాయం చెప్పారు. పట్టికను ఊహతో ముక్కలు చేసి, ఒక్కో ముక్క మొదటి నుంచి ఒకేసారి గెట్‌నెక్స్ట్‌లు పంపడం. తెలివైన పనే, కానీ ముక్కలు ఎక్కడ చేయాలో ఊహించాలి, ఊహ తప్పితే కష్టం వృథా. 1993 ఏప్రిల్‌లో రెండో సంచిక నియమాలతో గెట్‌బల్క్ వచ్చింది. ఆ సంచికలోని భద్రతా ఏర్పాట్ల మీద జరిగిన తగాదాలో అవి కొట్టుకుపోయినా, గెట్‌బల్క్ మాత్రం నిలిచిపోయింది. దీని ప్రశ్నలో రెండు చిన్న సంఖ్యలుంటాయి. మొదటి కొన్ని పేర్లకు ఒక్కసారి చొప్పున తర్వాతది ఇమ్మని ఒకటి, మిగతా వాటికి ఇన్నిసార్లు తర్వాతది, దాని తర్వాతది ఇస్తూ పొమ్మని రెండోది. ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీకి దక్కే చోటు 1,472 బైట్లు. పోర్టు లెక్క ఒక్కోటి పేరుతో సహా ఇరవై బైట్ల దాకా పడుతుంది కాబట్టి ఒక్క జవాబులో అరవై, డెబ్బై హాయిగా సర్దుకుంటాయి. 1,056 అంకెలకు 18 ప్రయాణాలు, సెకనులో అయిదో వంతు కంటే తక్కువ. అన్ని సబ్‌స్టేషన్లనూ చుట్టి రావడానికి ఏడు గంటలు కాస్తా ఏడున్నర నిమిషాల లోపుకు దిగింది.

అంతకంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. పాత నియమంలో జవాబు ప్యాకెట్‌లో పట్టకపోతే 'మరీ పెద్దది' అన్న తిరస్కారం మాత్రమే వచ్చేది. అడిగినవాడు ప్రశ్న తగ్గించుకుని మళ్లీ రావాల్సిందే. గెట్‌బల్క్‌లో వంద అడిగితే, అరవై పడితే అరవైతోనే జవాబు వస్తుంది. అది లోపం కాదు, నియమమే. చివరి పేరు చేతిలో ఉంది కాబట్టి సర్వర్ అక్కడి నుంచి అందుకుంటుంది. ఎంత పడుతుందో తెలిసినవాడు ఏజెంటే, కాబట్టి ఎక్కడ ఆపాలన్న నిర్ణయం ఏజెంటుకే వదిలారు.

గెట్‌బల్క్ ప్రశ్నలోని మొదటి సంఖ్య ఎందుకో కూడా దగ్గరగా చూద్దాం. పోర్టుల లెక్కలతో పాటు యంత్రం ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న గడియారాన్ని అదే ప్యాకెట్‌లో ఒక్కసారి తెప్పించుకోవచ్చు. కిందటిసారి, ఈసారి బైట్ల తేడాను ఈ గడియారాల తేడాతో భాగిస్తే, దారిలో ప్యాకెట్ ఎంత ఆలస్యమైనా వేగం లెక్క తప్పదు. గడియారం వెనక్కి పడితే యంత్రం ఆగి మళ్లీ లేచిందని అర్థం, పాత లెక్కతో తీసివేత చేయకూడదు. ఎన్నిసార్లు అడగాలన్నదీ ఇక్కడే తేలుతుంది. పాత 32 బిట్ల లెక్క 429 కోట్ల చిల్లర దగ్గర నిండి సున్నాకు వస్తుంది. గిగాబిట్ పోర్టు నిండా నడిస్తే 34 సెకన్లకే ఒక చుట్టు. అయిదు నిమిషాలకోసారి అడిగేవాడికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసే దారే లేదు. గెట్‌బల్క్‌తో పాటే వచ్చిన 64 బిట్ల లెక్క పది గిగాబిట్ల పోర్టులోనైనా నిండడానికి 460 ఏళ్లకు పైగా పడుతుంది.

ఇంత దూరం వచ్చాక ఒక అభ్యంతరం రాకమానదు. ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు, రెండు వందల స్విచ్‌లను ఒకేసారి అడిగితే గెట్‌నెక్స్ట్ అయినా సరిపోదా? ఎదురుచూపు వరకు సరిపోతుంది. నిజానికి ఏ కేంద్రమైనా అలా ఏకకాలంలోనే అడగాలి. కానీ ఎదురుచూపు దాచినంత మాత్రాన పని తగ్గదు. సబ్‌స్టేషన్ స్విచ్‌లోని ప్రాసెసర్ చిన్నది, దాని అసలు పని వేరే ఉంది. వెయ్యి గెట్‌నెక్స్ట్‌లు వస్తే వెయ్యిసార్లు ప్యాకెట్ విప్పాలి, వెయ్యిసార్లు పేరు వెతకాలి, వెయ్యిసార్లు జవాబు కట్టాలి. గెట్‌బల్క్‌కైతే ఒకసారి వెతికిన చోటు నుంచి ముందుకు నడిస్తే చాలు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: అసలు అడగడమెందుకు, మారినప్పుడు యంత్రమే చెప్పకూడదా? గూగుల్ లాంటి పెద్ద నెట్‌వర్కులు నడిపేవాళ్లు ఈ దారికే మళ్లుతున్నారు. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి విద్యుత్ రంగం ఉదాహరణే చూద్దాం. గ్రిడ్‌ను దూరం నుంచి చూసే నియమావళుల్లో మార్పు జరిగిన వెంటనే సబ్‌స్టేషన్ తానే చెబుతుంది. అయినా కేంద్రం అప్పుడప్పుడూ ఉన్నదంతా మొత్తంగా అడిగి సరిచూసుకుంటుంది. ఎందుకంటే తీగ తెగిన యంత్రం తన చావు కబురు తాను చెప్పలేదు. ఎస్‌ఎన్‌ఎంపీలోనూ ట్రాప్ అనే హెచ్చరిక ఉంది కానీ అది చేరిందన్న రసీదు ఉండదు, దారిలో పోతే పోయినట్టే. చెప్పడం, అడగడం రెండూ కావాలి. అడిగేటప్పుడు మాత్రం తక్కువ ప్రయాణాలతో అడగాలి.

అసలు తేకుండానే గడుపుకునే దారి కూడా ఉంది. 1991 నవంబరులో స్టీవ్ వాల్డ్‌బుసర్ రాసిన ఆర్‌మాన్ పద్ధతిలో యంత్రమే లెక్కల్ని అక్కడే చూసి, హద్దు దాటితేనే కబురు పంపుతుంది. ఒకసారి పై హద్దు దాటి కబురు పంపాక, కింది హద్దు దాకా దిగి మళ్లీ ఎక్కితేనే రెండో కబురు. హద్దు దగ్గర ఊగిసలాడే లెక్క కేంద్రాన్ని కబుర్లతో ముంచెత్తకుండా ఆ రెండు గీతలూ కాపాడతాయి.

గెట్‌బల్క్‌కు దుర్వినియోగం కూడా ఉంది, అది నాకు బాధ కలిగించే విషయం. చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు రావడమే దాని గొప్ప. పంపినవాడి చిరునామా దగ్గర ఇంకొకరి చిరునామా పెట్టి వేల యంత్రాలకు గెట్‌బల్క్ పంపితే జవాబులన్నీ ఆ అమాయకుడి మీద పడతాయి. 2014 నాటికే ఇలాంటి దాడులు జరిగాయి. 2002లో స్థిరపడిన ఎస్‌ఎన్‌ఎంపీ మూడో సంచిక పెట్టుకుని, ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు వచ్చే 161వ నంబరు పోర్టును బయటి ప్రపంచం నుంచి మూసేస్తే ఇది జరగదు. అయినా 'పబ్లిక్' అన్న ఒక్క మాటే తాళంగా ఉన్న యంత్రాలు ఇప్పటికీ ఇంటర్నెట్‌కు ఎదురుగా తెరిచి ఉంటున్నాయి.

పాఠకుడి ప్రశ్నకు చివరి ముక్క మిగిలింది: పెట్టె పాడైతే ఎలా తెలుస్తుంది? జవాబు రాకపోవడమే కబురు. ఎక్కువమంది వాడే నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ పరికరం మామూలుగా సెకను చూసి, రాకపోతే మరో అయిదుసార్లు అడిగి, ఆరు సెకన్లకు వదిలేస్తుంది. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ గమనించరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పటి లాంటి పరిస్థితిలో, స్తంభాలు పడి రెండు వందల కూడళ్లు ఒక్కసారి మూగబోయాయనుకోండి. వరుసగా అడిగే సర్వర్ ఇరవై నిమిషాలు వాటి దగ్గరే ఆగిపోతుంది, బతికున్న కూడళ్ల లెక్కలూ పాతబడతాయి. ఎప్పుడు బాగా కనిపించాలో అప్పుడే చూపు మందగిస్తుందన్నమాట. దీనికి గెట్‌బల్క్ మందు కాదు. ఏ కూడలి వెనక ఏ కూడలి ఉందో పటం సర్వర్ దగ్గర ఉండాలి. దారిలోని మొదటి కూడలి పలకనప్పుడు దాని వెనకవాటిని అడగడం ఆపి, ముందు దాన్నే తరచుగా అడుగుతూ ఉండాలి. అప్పుడు లైన్‌మన్ చేతికి రెండు వందల ఫిర్యాదుల జాబితా బదులు తీగ తెగిన రెండు స్తంభాల మధ్య చోటు అందుతుంది.