సముద్రపు నాచు – రోగనిరోధక శక్తి

నాచు గుళికలు వాడితే రోగికి శక్తి వస్తుందా? మందులతోపాటు ఇవ్వవచ్చునా?

జపాన్ దేశస్థులు కొంబు, వకామె, మొజుకు అనే గోధుమరంగు సముద్రపు నాచులను ఆహారంగా తింటారు. వీటి జిగురులో ఫ్యుకాయిడాన్ అనే పదార్థం ఉంటుంది. దీనిని 1913లో స్వీడన్ శాస్త్రవేత్త కైలిన్ మొదట వేరుచేశారు. ఇది మనం టీలో వేసుకునే పంచదార వంటిది కాదు. అనేక చక్కెర అణువులు గొలుసులా కలిసి, వాటికి సల్ఫేటు చేరి ఏర్పడుతుంది.

ప్రయోగశాలలోను, జంతువులలోను చేసిన పరీక్షలలో ఇది రోగక్రిములను మింగే తెల్ల రక్తకణాలను చురుకుపరచింది. అయితే మనుషులలో జరిగిన పరీక్షలు చిన్నవి. ఇది క్యాన్సర్‌ను గాని, మరే జబ్బును గాని నయం చేస్తుందని రుజువు కాలేదు.

గుర్తుంచుకోవలసినవి:

1. ఫ్యుకాయిడాన్‌కు రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉంది. వార్ఫరిన్ వాడేవారు, ఆపరేషన్ చేయించుకోబోయేవారు డాక్టరును అడగకుండా గుళికలు వాడరాదు.

2. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. ఒక్క గ్రాము ఎండు కొంబులోనే అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి ఇది హాని చేయగలదు.

3. గుళికల మీద నమ్మకంతో డాక్టరు రాసిన మందులు మాన్పించకండి. అప్పు చేసి వాటిని కొనకండి. ఆ డబ్బుతో పప్పు, గుడ్లు, పండ్లు కొని పెట్టండి. రోగి కోలుకోవడానికి అవి ఎక్కువ మేలు.

ఇప్పటికే గుళికలు ఇస్తూ ఉంటే, దాచకుండా డాక్టరుకు ఆ సీసా చూపించండి.