నా 15 తప్పు బిట్లు

బీటెక్ అయిపోయాక మనలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. మ్యాథ్స్ మనదే, రీజనింగ్ మనదే. ఇక జీకే అంటారా, ఏముందిలే, పరీక్షకు నెల ముందు ఒక బిట్ బ్యాంకు తిరగేస్తే సరిపోతుంది! 2021లో రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశ పరీక్షకు నేనూ ఇదే ధీమాతో వెళ్లాను. సీనియర్ ఒకాయన ఇచ్చిన లావుపాటి బిట్ బ్యాంకు, టెలిగ్రామ్‌లో దొరికిన నాలుగు పీడీఎఫ్‌లు, పడుకునే ముందు 'టాప్ 1000 బిట్స్' లాంటి వీడియోలు. ఇదీ నా ప్రిపరేషన్.

ఆ పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు. మ్యాథ్స్ 30, రీజనింగ్ 30, జనరల్ అవేర్‌నెస్ 40. అంటే నెలలో ముగించేద్దాం అనుకున్నదే అన్నిటికంటే పెద్ద భాగం. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. మ్యాథ్స్, రీజనింగ్ బాగానే రాశాను. జీకేలో మాత్రం 17 రైటు, 15 తప్పు, 8 వదిలేశాను. 17లోంచి 5 పోతే మిగిలింది 12. నార్మలైజేషన్ అన్నీ అయ్యాక చూస్తే కటాఫ్‌కి రెండు మార్కుల లోపు దూరంలో ఆగిపోయాను.

నాన్న ఏమీ అనలేదు. "ఎన్ని మార్కుల్లో పోయింది రా?" అని అడిగారు. చెప్పాను. "అయ్యో" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

రైల్వే బోర్డు కీ విడుదల చేసినప్పుడు మనం ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టామో కూడా చూసుకునే వీలుంటుంది. చాలామంది స్కోరు లెక్కేసుకుని మూసేస్తారు. నేనూ మొదట అదే చేశాను. కటాఫ్ వచ్చాక కడుపుమంటతో మళ్లీ తెరిచి, ఆ 15 తప్పుల్నీ ఒక తెల్లకాగితం మీద రాశాను. ఎందుకు తప్పయిందో ఒక్కోదాని పక్కన నిజాయితీగా రాసుకున్నాను. నిజంగా నా జీకే ప్రిపరేషన్ మొదలైంది ఆ రోజే.

లెక్క ఇలా తేలింది. ఆరు గుడ్డిగా పెట్టినవి. ఐదు ఒకదాని బదులు ఇంకోటి అనుకున్నవి. మూడు పాత జవాబులు. ఒకటి ప్రశ్నలో 'కానిది' అన్న మాట చూడకపోవడం.

ముందు గుడ్డిగా పెట్టిన వాటి సంగతి చూద్దాం. నిజానికి ఎనిమిది పెట్టాను, రెండు తగిలాయి, ఆరు పోయాయి. వచ్చినవి 2 మార్కులు, కోత 2 మార్కులు. నికరంగా సున్నా. ఇది నా దురదృష్టం కాదు, ఆ పరీక్ష లెక్కే అంత. నాలుగు ఆప్షన్లు, మూడో వంతు కోత ఉన్నచోట కళ్లు మూసుకుని పెడితే సగటున వచ్చేది సున్నానే. కానీ ఒక్క ఆప్షన్‌ని 'ఇది కచ్చితంగా కాదు' అని తీసేయగలిగితే లెక్క మనవైపు తిరుగుతుంది. రెండు తీసేయగలిగితే ఇంకా మంచిది. అలాంటివి 10 పెడితే సగటున 5 రైటు, 5 తప్పు, కోత పోగా చేతిలో 3.33 మార్కులు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో లెక్క వేరు. అక్కడ రైటుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. గుడ్డిగా పెట్టినా నాలుగింటికి సగటున అర మార్కు మిగులుతుంది. 'తెలియకపోతే వదిలేయ్' అన్న సలహా అన్ని పరీక్షలకూ ఒకేలా పనికిరాదన్నమాట. ఇంజినీరింగ్‌లో ప్రాబబిలిటీ చదివి కూడా ఈ లెక్క హాలు బయటికి వచ్చాక వేసుకున్నాను చూడండి, అదీ నా తెలివి!

గుడ్డివి పక్కన పెడితే మిగిలిన తొమ్మిదే నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అవేవీ నాకు తెలియనివి కావు. అన్నీ చదివినవే. ధైర్యంగా, ఇది రైటే అని నొక్కినవే. ఒక్క తప్పు రైటుగా మారితే 1.33 మార్కులు. రెండు బిట్లు సరిచేసుకుని ఉంటే కటాఫ్ దాటేవాణ్ని.

పాత జవాబుల్లో ఒకటి చెప్తాను. దేశంలో కేంద్రపాలిత ప్రాంతాలు ఎన్ని? సీనియర్ ఇచ్చిన పుస్తకంలో 7 అని ఉంది. అది పాతదని నాకు తెలుసు. 2019 అక్టోబర్ 31న జమ్మూకశ్మీర్, లద్దాఖ్ వేరుపడ్డాయి కాబట్టి 9 అని గర్వంగా పెట్టాను. కానీ 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ ఒకటైపోయాయి. జవాబు 8. నేను పెట్టిన 9 ఈ దేశంలో మూడు నెలలు కూడా నిజంగా లేదు! సరిగ్గా ఆ మూడు నెలల్లో చదివిన ముక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న బిట్ బ్యాంకుని ఒకసారి ఇలా పరీక్షించండి. లోక్‌సభ సీట్లు 545 అని ఉందా? 104వ సవరణతో ఆంగ్లో ఇండియన్ నామినేషన్లు 2020 జనవరితో ఆగిపోయాయి, ఇప్పుడు 543. ప్రాచీన హోదా ఉన్న భాషలు ఆరు అని ఉందా? 2024 అక్టోబర్‌లో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరి 11 అయ్యాయి. హత్యకు సెక్షన్ 302 అని ఉందా? 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్య 103కి మారింది, మోసం 318కి వెళ్లింది. మన సినిమాల్లో 'ఫోర్ ట్వంటీ గాడు' ఇంకొన్నాళ్లు అలాగే ఉంటాడేమో గానీ, పరీక్షలో ఉండడు. ఇక జిల్లాలు. తెలంగాణలో 10 నుంచి 31, అక్కణ్నుంచి 2019లో 33 అయ్యాయి. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ఇలాంటి అంకెలు పరీక్షకు వారం ముందు ప్రభుత్వ సైట్‌లో మళ్లీ చూసుకోవాల్సిందే. బట్టీ పట్టి వదిలేసేవి కావు.

అందుకే అప్పటి నుంచి నోట్‌బుక్‌లో మారే అవకాశం ఉన్న ప్రతి బిట్ పక్కన రాసిన తేదీ వేయడం అలవాటు చేసుకున్నాను. చిన్న పనే. కానీ ఆర్నెల్ల తర్వాత తిరగేస్తుంటే ఏది అనుమానించాలో ఆ తేదీయే చెబుతుంది.

ఇక ఒకదాని బదులు ఇంకోటి. ఇది ఇంకా పెద్ద జబ్బు. అంజద్ అలీ ఖాన్ వాయించేది సరోద్. నేను సంతూర్ పెట్టాను. సంతూర్ శివకుమార్ శర్మది. రెండూ చదివాను, రెండూ ఒకే పేజీలో, ఒకే రంగు హైలైటర్‌తో! వరసగా చదివినప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. నాలుగు ఆప్షన్లుగా పక్కపక్కన నిలబెట్టి అడిగితే కాళ్లు వణుకుతాయి. ఎస్‌ఎస్‌సీలో వాద్యాలు, నృత్యాలు, పండుగలు తెగ అడుగుతారు. మన వాళ్లతో మొదలుపెడితే సులువు. వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు, వీణ అంటే ఈమని శంకరశాస్త్రి, మాండొలిన్ అంటే పాలకొల్లు శ్రీనివాస్. తెలిసిన ముఖాలు ముందు కుదురుకుంటే తెలియనివి వాటి పక్కన కూర్చుంటాయి.

రాజ్యాంగ సవరణలూ ఇంతే. 42, 44 తారుమారు అవుతాయి. ప్రాథమిక విధులు చేర్చింది 42వ సవరణ, 1976. ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది 44వది, 1978. 73, 74 అయితే నేను నాలుగుసార్లు తప్పు రాశాను. చివరికి ఒక చిట్కా కుదిరింది: ఊరు ముందు, పట్నం తర్వాత. 73 పంచాయతీలు, 11వ షెడ్యూలు, 29 అంశాలు. 74 మున్సిపాలిటీలు, 12వ షెడ్యూలు, 18 అంశాలు. ఇలాంటి చిట్కాలు పుస్తకంలోవి ఎక్కవు, మనం కట్టుకున్నవే నిలుస్తాయి.

ఈ గందరగోళానికి నాకు దొరికిన మందు ఒక్కటే. ఒక ప్రశ్న చేశాక జవాబుతో ఆగకూడదు, మిగతా మూడు ఆప్షన్లనీ విచారించాలి. ఉదాహరణకు ఈ ప్రశ్న చూడండి. 'వీటిలో గోదావరి ఉపనది కానిది ఏది? మంజీర, ప్రాణహిత, భీమ, ఇంద్రావతి.' జవాబు భీమ. చాలామంది ఇక్కడ టిక్ పెట్టి తర్వాతి దానికి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. భీమ మరి ఎవరి ఉపనది? కృష్ణది. కృష్ణకి ఇంకా ఎవరున్నారు? తుంగభద్ర, మూసీ. మూసీ ఒడ్డున హైదరాబాద్. మంజీర గోదావరిలో కలిసేది ఎక్కడ? నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర, గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేదీ అక్కడే. గోదావరి పుట్టింది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, పొడవు 1465 కిలోమీటర్లు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించింది ఆర్థర్ కాటన్, పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు లెక్కపెట్టండి. ఒక్క బిట్‌తో కూర్చుంటే ఆరేడు బిట్లు లేచాయి. పైగా ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి అంత తేలిగ్గా జారిపోవు. రోజుకు 200 బిట్లు చదివానని చెప్పుకునే ఫ్రెండ్ కంటే, 25 బిట్లు ఇలా తవ్వినవాడిదే పైచేయి అని నా నమ్మకం.

ఆ 25 ఎక్కడివి అంటే, పాత ప్రశ్నపత్రాలవి. పెన్ను, కాగితం పెట్టుకుని చేయండి. ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు వేయండి: కచ్చితంగా తెలుసు, అనుమానం, గుడ్డిది. దిద్దుకున్నాక గుడ్డివి తప్పయితే బాధపడొద్దు. 'కచ్చితంగా తెలుసు' అని వేసి తప్పయినవి ఉంటాయి చూడండి, వాటిని మాత్రం ఎర్ర పెన్నుతో వేరే పుస్తకంలోకి ఎక్కించండి. పరీక్షలో మీ మార్కులు తినేది అవే. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు, వారానికి, నెలకు జవాబు చేత్తో మూసి అడుగుకోండి. ఫోన్‌లో కావాలంటే యాంకీ అనే యాప్ ఈ గ్యాప్‌లను తనే లెక్కేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం. కార్డులు మాత్రం మీరే రాసుకోండి. ఎవరో చేసిన 5 వేల కార్డులు దించుకుంటే మళ్లీ బిట్ బ్యాంకు కథే.

చదవడం కంటే గుర్తు తెచ్చుకోవడమే ఎక్కువ నిలుస్తుందని చెప్పే ప్రయోగాలు ఉన్నాయి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద చేసినది బాగా పేరున్నది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తమను తాము పరీక్షించుకున్నవాళ్లు దాటేశారు. పడుకునే ముందు చూసిన 'టాప్ 1000' వీడియో ఆ రాత్రికి ఎంత ధైర్యం ఇస్తుందో, పరీక్ష రోజుకు ఎందుకు మిగలదో దీంతో నాకు అర్థమైంది.

ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. సైన్స్ మనదే అనుకుంటాం గానీ, మనం బయాలజీని పదో తరగతిలోనే వదిలేశాం. పరీక్షల్లో వచ్చే సైన్స్‌లో విటమిన్లు, వ్యాధులు, గ్రంథులు చాలా ఉంటాయి. బి1 లోపిస్తే బెరిబెరి, బి3 అయితే పెల్లాగ్రా, రక్తం గడ్డకట్టడానికి కె. కోచింగ్ మెటీరియల్ కంటే 6 నుంచి 10 వరకు స్కూలు పుస్తకాలే దీనికి మేలు. ఇంట్లో తమ్ముడివో చెల్లివో ఉంటే లాక్కోండి. తెలుగులో రైల్వే పరీక్ష రాసేవాళ్లు మాటలు రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో మొమెంటం అని చదివినవాడికి స్క్రీన్ మీద 'ద్రవ్యవేగం' కనబడితే అర నిమిషం పోతుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికం కాబట్టి అనుమానం వస్తే భాష మార్చి చూడండి. సీజీఎల్ అయితే ఇంగ్లిష్, హిందీల్లోనే.

తర్వాత నేను రాసిన పరీక్షలో జీకే వల్ల పోలేదు. టైపింగ్ దగ్గర పోయింది, ఆ కథ ఇంకోసారి. నా ఎర్ర పెన్ను నోట్‌బుక్ ఇప్పుడు మా బాబాయి కూతురి దగ్గర ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకి రోజూ పట్టుకెళ్తోంది. పోయిన వారం ఫోన్ చేసింది.

"అన్నయ్యా, దేశంలో పొడవైన రైల్వే ప్లాట్‌ఫాం గోరఖ్‌పూర్ అని రాశావేంటి? 1507 మీటర్లతో హుబ్బళ్లి కదా?"

"అవునా! తప్పు రాశానేమోరా, కొట్టేయ్."

"తప్పేం కాదులే. పక్కన 2022 అని తేదీ ఉంది. హుబ్బళ్లిది 2023 మార్చిలో వచ్చింది. కొట్టేసి ఇవాళ్టి తేదీ వేశాను."