ఓల్టేజి తగ్గిస్తే బిల్లు తగ్గుతుందా?

కరెంటు బిల్లు వచ్చిన రోజున మన ఇళ్లలో జరిగే పంచాయితీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. "పగలంతా ఇంట్లో ఉండేది నువ్వేగా" అంటారు మావారు. ఆ మాట పడలేక దొరికిన ఉపాయమల్లా చేస్తాం. నేను చేసిన ఓ ఉపాయం సంగతి ముందు చెబుతాను.

2004 ఎండాకాలం. విజయవాడలో కొత్త కాపురం, వీధి చివరి ఇల్లు. ఫ్రిజ్జు పక్కన మా అత్తగారి నాటి స్టెబిలైజరు ఉండేది. చేత్తో మీట తిప్పి ఓల్టేజి పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. ముల్లు 230 దగ్గర ఉండాలి. తక్కువ ఓల్టేజి ఇస్తే తక్కువ కరెంటే తాగుతుంది కదా అని నేను 180కి దించి కూర్చున్నాను. సాయంత్రం అందరూ ఫ్యాన్లూ కూలర్లూ వేసేసరికి చివరింటికి వచ్చే ఓల్టేజి ఇంకా పడిపోయేది. ఫ్రిజ్జు గుర్రుమనడం, "టక్"మని ఆగడం, మళ్లీ గుర్రుమనడం. నాలుగో రోజుకి పాలు విరిగాయి. మెకానిక్కు వచ్చి మోటారు కాలిపోయిందన్నాడు. ఆ ఖర్చుతో ఎన్ని నెలల బిల్లులు కట్టొచ్చో మావారు లెక్కవేసి మరీ చెప్పారు.

జరిగిందేమిటంటే, ఓల్టేజి తగ్గినా మోటారు చెయ్యాల్సిన పని తగ్గలేదు. సగం తిండి పెట్టి అన్ని బిందెలూ మొయ్యమన్నట్టు! బలం చాలక మోటారు కదలదు. కదలకుండా ఉన్నప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, లోపలి రాగితీగ వేడెక్కుతుంది. ఆ "టక్" అనేది వేడెక్కిన మోటారును ఆపే చిన్న మీట చప్పుడన్నమాట. అలా ఎన్నిసార్లని కాపాడుతుంది?

మరి మోటారు లేని గీజరు మాటేమిటంటారా? 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగాలంటే అరయూనిట్టు పైచిలుకు ఖర్చు. ఓల్టేజి పదోవంతు తగ్గిస్తే, 18 నిమిషాల్లో కాగేవి 22, 23 నిమిషాలకు కాగుతాయి. మీటరు మాత్రం అంతే తిరుగుతుంది. తగ్గించవలసింది ఓల్టేజి కాదు, వేడి. 45 దగ్గర ఆపితే మూడోవంతు యూనిట్టుతో సరి. ఎలాగూ చన్నీళ్లు కలుపుకునే పోసుకుంటాం కాదూ?

పాతకాలపు గుండ్రటి బల్బు అయితే నిజంగానే తక్కువ తాగుతుంది. కానీ ఓల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు మూడోవంతు దాకా పడిపోతుంది. ఆ గుడ్డివెలుగులో బియ్యం ఏరుకోవడం ఎందుకు, ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోక! ఓల్టేజి తగ్గించి లాభపడేది ఒక్క ఫ్యాను దగ్గరే. అదీ కొత్తరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో. పాత పెద్ద డబ్బా రెగ్యులేటరు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఫ్యానులో మిగిలిందనుకున్న కరెంటులో చాలాభాగం అక్కడ వేడైపోతోంది.

ఇంకో మాట. గుమ్మంలోకి ఒకతను చిన్న పెట్టె తెచ్చి, ప్లగ్గులో పెడితే ఓల్టేజి సరిచేసి బిల్లు మూడోవంతు తగ్గిస్తుందన్నాడు. బుద్ధి రాలేదు, కొన్నాను. అయితే ఈసారి పరీక్ష చేశాను. మన మీటరు మీద ఎర్రదీపం మినుకుమంటుంది చూశారూ, దాని పక్కన 3200 అని ఉంటే అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్టు. అన్నీ ఆపేసి, మూడు ఫ్యాన్లు మాత్రం వేసి పది నిమిషాలు లెక్కపెట్టాను: 121. పెట్టె పెట్టాక 122. లోపల ఉండేది కండెన్సరు. దానివల్ల ఇంటి మీటరు లెక్కించే యూనిట్లు తగ్గవు.

సాయంత్రాలు దీపాలు మసకేసే వీధిలో మీ ఇల్లుంటే, స్టెబిలైజరు ఫ్రిజ్జుకి ఉండనివ్వండి. అది మోటారును కాపాడుతుంది. బిల్లు తగ్గించదు సరికదా, తన వంతు కాస్త తానూ తాగుతుంది. ఒకవేళ మీ దగ్గరా ఆ చేత్తో తిప్పే రకమే ఉంటే, ముల్లు 230 దాటనివ్వకండి, బాగా కిందికి జారనివ్వకండి. అర్ధరాత్రి వీధంతా పడుకున్నాక ఓల్టేజి పెరుగుతుంది, పడుకోబోయే ముందు ఒకసారి చూసుకోండి.