బానిస యోధుని బాధ – యానిమేషన్ రూపం: ‘సెస్టస్’ పరిశీలన

చారిత్రక యానిమేషన్ ధారావాహికలను అంచనా వేసేటప్పుడు చరిత్రను, శిల్పాన్ని వేరువేరుగా చూడడం పరిపాటి. ఈ రెండింటినీ కలిపి చూడవలసిన అవసరాన్ని 2021లో ప్రసారమైన జపాన్ ధారావాహిక ‘సెస్టస్: ది రోమన్ ఫైటర్’ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతివృత్తం:
షిజుయా వజరాయ్ చిత్రకథ దీనికి మూలం. క్రీ.శ. 54లో నీరో చక్రవర్తి అయిన నాటి రోమన్ సామ్రాజ్యం నేపథ్యం. కథానాయకుడు బానిస ముష్టియోధుడైన బాలుడు. ముష్టియోధులు చేతులకు చుట్టుకొనే, లోహం పొదిగిన తోలుపట్టీని ‘సెస్టస్’ అంటారు. రోమన్ రచయిత వర్రో తన వ్యవసాయ గ్రంథంలో పేర్కొన్న వర్గీకరణలో బానిసలు ‘మాట్లాడే పనిముట్లు’. ఆయుధం పేరే బాలుని పేరు కావడం ఈ దృష్టితో అర్థవంతం.

దృశ్యశిల్పం:
సంభాషణ సన్నివేశాలు గీసిన బొమ్మలతోనూ, పోరాటాలు ప్రధానంగా కంప్యూటర్ త్రిమితీయ చిత్రాలతోనూ సాగుతాయి. పోరు మొదలుకాగానే ముఖంలోని భయం, అలసట పలుచబడతాయి. 1885లో రోములో బయల్పడిన, కూర్చున్న ముష్టియోధుని కంచు విగ్రహంలో గాయాల నెత్తుటిని శిల్పి రాగి పొదిగి చూపాడు. కదలని కంచు పలికించిన బాధను ఈ కదిలే బొమ్మలు పలికించలేకపోయాయి.

ముగింపు:
బాధ కనిపించని పోరాటం వేడుక అవుతుంది. అప్పుడు ప్రేక్షకుడు తనకు తెలియకుండానే రోమన్ క్రీడాప్రాంగణపు మెట్లపై కూర్చుంటాడు. కనుక ఇక్కడి శిల్పలోపం చరిత్రలోపం కూడా. దెబ్బతిన్న దేహం మనిషిదిగా కనిపిస్తున్నదా అన్నదే ఇటువంటి రచనలకు తొలి గీటురాయి.