వేషాలు మార్చే మలేరియా క్రిమి

పగటివేషగాళ్లు ఊళ్లోకి వచ్చారంటే నాలుగు రోజులు సందడే. నిన్న జమేదారుగా వచ్చిన మనిషి నేడు సన్యాసిగా వస్తే పోల్చుకోవడం కష్టం. మలేరియా క్రిమిదీ ఇదే విద్య. కాకపోతే ఇది ప్రాణాలు తీసే విద్య.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అది మనిషి ఒంట్లో అన్నాళ్లు ఎలా దాగుతుందో తెలియడానికి మరో వందేళ్లు పట్టింది.

మలేరియాలో ఎక్కువ ప్రమాదకరమైన రకం ఫాల్సిపారం. ఈ క్రిమి ఎర్ర రక్తకణంలో చొరబడి, దాని పైకి జిగురులాంటి పదార్థాన్ని పంపుతుంది. దానితో కణం సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటుంది. అతుక్కోకపోతే ప్లీహం, అంటే మనవాళ్లు 'బల్ల' అనేది, దాన్ని వడపోసి పారేస్తుంది. మెదడులోని నాళాలు ఇలా పూడుకుంటే రోగి స్పృహ తప్పుతాడు.

ఆ జిగురును పోల్చుకుని శరీరం విరుగుడు తయారు చేసుకుంటుంది. ఈలోగా కొన్ని క్రిములు జిగురు మార్చేస్తాయి. ఇందుకు ఒక్కో క్రిమిలో 60 దాకా జన్యువులున్నాయి. ఒకసారికి ఒకటే పని చేస్తుంది. తక్కినవి పెట్టెలో మడతపెట్టిన వేషాల్లా ఉండిపోతాయి. జన్యువులోని రాత మారనక్కరలేదు. ఏది తెరవాలి, ఏది మూయాలి అన్నదే మారుతుంది. పాత వేషం క్రిములు చస్తాయి, కొత్త వేషానివి పెరుగుతాయి.

మలేరియా ఎక్కువగా ఉన్నచోట పెద్దలు ఏళ్ల తరబడి ఎన్నో వేషాలు చూసి ఉంటారు కనుక కొంత తట్టుకుంటారు. పసివాళ్లకు అన్నీ కొత్తే. గర్భిణుల మాయకు అతుక్కునే వేషం ప్రత్యేకంగా ఒకటుంది. తొలిచూలు స్త్రీలకు ముప్పు ఎక్కువ కావడానికి కారణం అదే.

మరి దారి ఏది? మందుకు వేషంతో పనిలేదు. ఏ వేషంలో ఉన్నా క్రిమిని చంపుతుంది. అయితే జ్వరం జారిందని మాత్రలు మధ్యలో మానేస్తే, మిగిలిన క్రిములు మళ్లీ విజృంభిస్తాయి. ఫాల్సిపారానికి మూడు రోజుల మాత్రలు ఇస్తారు. వైవాక్స్ రకానికైతే, కాలేయంలో దాగిన క్రిముల కోసం మరో మాత్ర 14 రోజులు వాడాలి. గర్భిణులకు మందులు వేరు. డాక్టరు చెప్పినవే వాడాలి.

చలిజ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆశా కార్యకర్త వద్దగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని రక్తపరీక్ష చేయించుకోండి. ఇచ్చిన మాత్రలన్నీ మింగండి. దోమతెరలో పడుకోండి.