పడుకుని లేస్తే పండగ

నర్సరీలో రోజూ జరిగే క్యాలెండర్ పాఠం పిల్లలకు కాలాన్ని పరిచయం చేయాలి. తేదీలు వల్లె వేయించినంత మాత్రాన ఆ పని జరగదు.

ఉదయం తొమ్మిదిన్నర. ప్రార్థన అయింది. పిల్లలు చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. గోడకు పెద్ద క్యాలెండర్.

"ఇవాళ ఏ వారం?" అంటుంది టీచరు. ఇద్దరు చురుకైన పిల్లలు "మండే!" అని అరుస్తారు. మిగతావాళ్లు వాళ్ల నోళ్లు చూసి అందుకుంటారు. "మరి నిన్న?" అంటే మళ్లీ "మండే!" "రేపు?" అన్నా అదే జవాబు. టీచరు సరిదిద్దుతుంది, పిల్లలు తిరిగి చెబుతారు. ఆ తర్వాత జనవరి నుంచి డిసెంబరు దాకా పాట.

మన నర్సరీ, ఎల్‌కేజీ గదుల్లో ఎక్కడ చూసినా ఉండేదే. అమెరికా ప్రీస్కూళ్లలో దీన్ని 'క్యాలెండర్ టైమ్' అంటారు. అక్కడ ఈ అలవాటు ఎంత పాతదో, దాని మీద ప్రశ్నలూ అంత గట్టిగా వచ్చాయి. శాలీ బెనెకె, మైకలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ 2008లో 'యంగ్ చిల్డ్రన్' పత్రికలో రాసిన వ్యాసంలో ఇది మంచి ఉద్దేశంతో మొదలై దారి తప్పిన పని అని తేల్చి చెప్పారు. ఆ మాట మన బడులకూ వర్తిస్తుంది. అలాగని గోడ మీది క్యాలెండర్‌ను తీసేయనక్కర్లేదు. దాన్ని పిల్లల చేతికి అందేలా దించాలి.

గళ్లలో ఇమడని కాలం

మూడేళ్ల పాపకు గడిచిపోయిందంతా 'నిన్న'. పోయిన సంక్రాంతికి అమ్మమ్మ ఊరెళ్లిన సంగతీ 'నిన్న'టిదే. అది తెలివి తక్కువై కాదు, ఆ వయసుకు అదే సహజం. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1946లోనే పిల్లల్లో కాలభావన ఎలా రూపుదిద్దుకుంటుందన్న దానిపై ఏకంగా ఒక పుస్తకం రాశారు. ఎంత సేపయింది, ఏది ముందు జరిగింది అన్నవి పిల్లలకు మెల్లమెల్లగా, ఏళ్ల మీద కుదురుకునే సంగతులు. నాలుగైదేళ్లకు లేవడం, స్నానం, బడి, అన్నం, నిద్ర అంటూ రోజులో పనుల వరస చెప్పగలుగుతారు. రెండు నెలల మధ్య దూరం లెక్కగట్టడం పెద్ద బడిలో చేరిన కొన్నేళ్లకు గానీ రాదు.

దానికి తోడు గళ్ల క్యాలెండర్ పెద్దలు అనుకున్నంత తేలికైంది కాదు. శనివారం దగ్గర వరస ఆగిపోతుంది. పక్కరోజైన ఆదివారం కోసం కిందికి దిగి, మళ్లీ ఎడమ చివరికి పోవాలి. ఒక నెల బుధవారంతో మొదలైతే ఇంకో నెల శనివారంతో. ముప్పయ్యో ముప్పయ్యొకటో రాగానే లెక్క మళ్లీ ఒకటికి వచ్చేస్తుంది. పది దాకా లెక్కపెట్టడమే ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలు ఇందులో ఏం పట్టుకోగలరు?

ముందు పని, తర్వాత పేరు

తేదీ కంటే ముందు, ఆ రోజు జరిగే పని పిల్లలకు తెలియాలి. అంగన్‌వాడీ గోడ మీద ఏ రోజు ఏం వండుతారో రాసి ఉంటుంది. ఆ పట్టికనే బొమ్మల్లోకి మార్చి, పిల్లల కళ్లకు అందే ఎత్తున పెడితే చాలు, అదే వాళ్ల మొదటి క్యాలెండర్. "నిన్న ఏం కూర తిన్నాం? రేపు ఏముంది?" అనడిగితే ఊహించి చెప్పాల్సిన పనిలేదు, నోటికి గుర్తుంటుంది. ఊళ్లో సంత జరిగే రోజు, ఆయమ్మ చెట్లకు నీళ్లు పోయించే రోజు, సెలవు రోజు. ఇలా ఒక్కో వారానికి ఒక్కో గుర్తు దొరికాక పేరు దానంతటదే అతుక్కుంటుంది. తర్వాత ఏం జరగబోతోందో బొమ్మల్లో కనిపిస్తే బెరుకున్న పిల్లలకు ధైర్యం వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఇలాంటి బొమ్మల పట్టికలు ఎంతో అక్కరకొస్తాయి.

ఒక గుప్పెడు పెసలు చాలు. సోమవారం పొద్దున నానబోస్తారు. మంగళవారం నీళ్లు వంచి తడిగుడ్డలో మూట కడతారు. బుధవారం మూట విప్పితే తెల్లటి మొలకలు. గురువారానికి అవి ఇంకాస్త పొడుగు. ఏ రోజు చూసింది ఆ రోజు గడిలో పిల్లలే బొమ్మ గీయాలి. గురువారంనాడు మంగళవారం బొమ్మ చూపించి "ఇది ఎప్పటిది?" అంటే "మొన్నటిది" అన్న జవాబు పిల్లల లోపలి నుంచి వస్తుంది. తను మూట కట్టిన రోజు కదా అది!

రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. గడిచిన రోజు చేతిలోకి వస్తుంది, రావలసిన రోజులు గోడ మీద దొంతరగా ఉంటాయి. ఏడాది తరుగుతుంటే దొంతర పలచబడటం పిల్లలు తడిమి చూడొచ్చు. ఆ చింపే పని పిల్లలకే ఇవ్వండి.

పండగే పాఠం

తొమ్మిది దాకా లెక్క నేర్పడానికి బతుకమ్మను మించిన క్యాలెండర్ ఏముంది? ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా రోజుకో పేరు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ రోజుకో తిండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యం ఉండదు. ఆ అలక ఏ పిల్లా మరిచిపోదు. అమావాస్యనాడు మొదలై అష్టమికి ముగిసే పండగ కాబట్టి, మబ్బు లేకపోతే సన్నటి నెలవంక సగం చంద్రుడయ్యేదాకా సాయంత్రాలు ఆకాశంలోనూ రోజులు లెక్కపెట్టుకోవచ్చు. కోస్తాలో భోగి, సంక్రాంతి, కనుమ. మంట ముందా, పశువుల పూజ ముందా అన్నది ఆ ఇళ్ల పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. "మూడు రాత్రులు పడుకుని లేస్తే పండగ" అని చెప్పే అమ్మమ్మ నేర్పుతున్నదీ కాలపాఠమే.

విధానంలో చోటుంది

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ పనుల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును చదువుకు పునాది దశగా గుర్తించింది. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశలో ఆటే దారి అని చెప్పింది. ఆ చట్రం గదిలోకి రావడానికి ఖరీదైన సామగ్రి ఏమీ అవసరం లేదు. పిల్లల అనుభవంతో ముడిపడిన పది నిమిషాల మాటలు కావాలి. పది నిమిషాలు దాటితే చిన్నపిల్లలు నిలవరు, నిలవాలనీ పట్టుబట్టకూడదు.

టీచర్లకు, తల్లిదండ్రులకు ఒక్కటే మనవి. నెలల పేర్లు గడగడా అప్పజెప్పిన బిడ్డను చూసి మురిసిపోవడం, చెప్పలేని బిడ్డను చూసి బెంగపడటం రెండూ మానేయండి. ఈ రాత్రి పడుకునే ముందు "ఇవాళ ఏం చేశావు? రేపు ఏం చేద్దాం?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి. తేదీలు తర్వాత వాటంతటవే వస్తాయి.