మట్టి కప్పకముందే... క్లిక్!

పునాది పూర్తయింది. మేస్త్రీ చేతులు కడుక్కున్నాడు. ఇక గోడలు లేవాలంటే ముందు కావాల్సింది ఇటుకలు కాదు... ఓ ఫొటో!

నిజామాబాద్ జిల్లాలో, చెరకుకు పేరుపడ్డ బోధన్ వైపు పల్లెల్లోనూ ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవారికి ఇది తెలిసిన సంగతే. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో, సొంత స్థలం ఉన్న పేదలకు అందే సాయం 5 లక్షల రూపాయలు. అదీ నాలుగు విడతల్లో. పునాది అయ్యాక మొదటి లక్ష. ఆపైన గోడలు, స్లాబు, చివరగా ఇల్లు పూర్తయినప్పుడు మిగతాది. ప్రతి దశనూ యాప్‌లో ఫొటో తీసి చూపించాలి. అది సరిగా పడకపోతే విడత ఆగుతుంది. సిమెంటు కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు.

ఎందుకింత పట్టింపు? ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంలో కట్టని ఇళ్లకూ బిల్లులు లేచాయన్న ఆరోపణలొచ్చాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ దర్యాప్తుకు ఆదేశించింది. కాగితం మీద ఇల్లు కట్టడం తేలిక. ఫొటోలో కష్టం. ఉపగ్రహ సంకేతాలతో ఫోన్ ఆ చోటి అక్షాంశ రేఖాంశాలనూ తేదీనీ ఫొటోకు జతచేస్తుంది. పక్కూరి గోడ చూపిస్తే దొరికిపోతారు. అయితే ఆ లెక్క కొన్ని మీటర్లు అటూఇటూ కావచ్చు. ఇరుకు సందుల్లో టేపు పట్టుకుని మనిషి రావాల్సిందే.

పెద్ద కట్టడాల దగ్గర ఈ పని డ్రోన్లు చేస్తాయి. అవి తీసిన వందల ఫొటోలను కలిపి కంప్యూటర్ త్రీడీ నమూనా తయారుచేస్తుంది. దాన్ని అసలు డిజైన్‌తో పోలిస్తే ఏ స్తంభం పని వెనకబడిందో తెలిసిపోతుంది.

కానీ ఏ కెమెరాకైనా కనిపించేది పైపైనే. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అక్కడ పునాది ఎంత లోతు తీశారన్నదే ఇంటికి ప్రాణం. మట్టి కప్పేశాక అది కనిపించదు. స్లాబు పోశాక లోపల సలాక ఎంత వేశారో తెలీదు.

అందుకే యాప్ అడగకపోయినా ఇంటివాళ్లు రెండు ఫొటోలు తీసి దాచుకోవడం మంచిది. గుంతలో టేపు పెట్టి ఒకటి, కాంక్రీటు పోసేముందు కట్టిన సలాకది ఒకటి. రేపు గోడ పగిలితే మేస్త్రీని నిలదీయడానికి ఆ రెండే సాక్ష్యం.